లైటు చూసి తీయాలా, పీఐడీ బిగించాలా, బటన్ల మిషన్ కొనాలా? బెంగళూరులో ఎస్ప్రెస్సో వేడి లెక్క

ముందే చెప్పేస్తున్నా. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, రెండూ చిక్కటి పాలతో తాగే ఇంట్లో ఎస్ప్రెస్సో మిషన్ వేడిని డిగ్రీల లెక్కన సర్దుకోవడానికి డబ్బు పెట్టడం దండగ. ఆ డబ్బేదో గ్రైండర్ మీద పెట్టండి. ముదురుగా వేయించిన గింజ, అందులో కొంత రోబస్టా, పైన గ్లాసు నిండా పాలు, రెండు చెంచాల చక్కెర. ఇంత జరిగాక లోపల నీళ్లు 91 దగ్గర ఉన్నాయా, 94 దగ్గర ఉన్నాయా అన్నది ఏ నాలుకకూ అందదు.

పాలు లేకుండా తాగేవాళ్ల సంగతి వేరు. చిక్కమగళూరు గింజలనీ, మన అరకు గింజలనీ లేతగా వేయించి అమ్మేవాళ్లు బెంగళూరులో ఇప్పుడు ఏ పేటకు పోయినా కనబడతారు. లేత గింజ గట్టిగా ఉంటుంది. దాని సారం దిగాలంటే నీళ్లు బాగా వేడిగా ఉండాలి, 94 నుంచి 96 దాకా. చల్లబడితే పళ్లు జివ్వుమనే పులుపు వస్తుంది. ముదురు గింజ పెళుసు, ఇట్టే దిగిపోతుంది. దానికి 90 చాలు, ఇంకాస్త తగ్గినా నష్టం లేదు. వేడి ఎక్కువైందో, మాడు చేదు. అంటే గింజ మారినప్పుడల్లా వేడిని మార్చుకునే వీలు కావాలి. ఆ వీలు ఇంట్లో మూడు దారుల్లో దొరుకుతుంది.

మొదటిది పైసా ఖర్చు లేనిది, లైటు చూసి తీయడం. సర్ఫింగ్ అంటారు. గాజియా క్లాసిక్, రాన్సీలియో సిల్వియా లాంటి పాత తరహా మిషన్లలో వేడిని చూసుకునేది ఒక థర్మోస్టాట్. వేడి కిందికి పడితే హీటర్ వేస్తుంది, పైకి పోతే ఆపేస్తుంది, అంతే దాని తెలివి. వేయడానికీ ఆపడానికీ మధ్య బాయిలర్ వేడి పది డిగ్రీలకు పైగా ఊగుతుంది. ఆ ఊపులో మనకు కావలసిన చోట షాట్, అంటే ఒక్కసారి దింపే కాఫీ, మొదలుపెట్టడమే ఈ విద్య. హీటర్ ఆగగానే (మిషన్ మీది లైటు చూస్తే తెలుస్తుంది) పోర్టాఫిల్టర్, అంటే పొడి వేసే పిడి గిన్నె, లేకుండా నీళ్లు వదలాలి. మొదట చుర్రుమంటూ ఆవిరితో కలిసి బుసలు కొడుతూ వస్తాయి. కాసేపటికి బుస ఆగి, ధార నున్నగా సాగుతుంది. అక్కడి నుంచి కొన్ని సెకన్లు లెక్కపెట్టి ఆపి, పొడి వేసిన పోర్టాఫిల్టర్ తగిలించి షాట్ తీయాలి.

ఈ కొన్ని సెకన్లు ఎన్ని అన్నదాంట్లోనే బెంగళూరు తిరకాసు ఉంది. ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. బాయిలర్‌లో మూసి ఉన్నంతసేపూ 105 దగ్గరైనా నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. గ్రూప్ హెడ్ (పోర్టాఫిల్టర్ తగిలించే చోటు) దాటి బయటి గాలిలోకి రాగానే, మరిగే వేడికి మించి ఉన్నదంతా ఆవిరై బుసకొడుతుంది. బుస ఆగిందంటే నీళ్లు ఊరి మరుగు వేడికి దిగాయని అర్థం. చెన్నైలో అది 100, ఇక్కడ 97. చెన్నైలో ఉండే బామ్మర్ది "బుస ఆగాక ఐదు అంకెలు లెక్కపెట్టి తీయి బావా" అంటే, అతని వంటింట్లో ఆ మాట సరైనదే. అదే లెక్క ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో పట్టుకుంటే షాట్ మూడు డిగ్రీలు చల్లగా మొదలవుతుంది, లేత గింజైతే పుల్లగా దిగుతుంది. ఇక్కడ బుస ఆగీ ఆగగానే తీయడమే మేలు. థర్మామీటర్ సరిచూసుకునేవాళ్లకూ ఇదే మాట: మరిగే నీళ్లలో పెడితే అది 97 చూపాలి. 100 చూపలేదని దాన్ని తిప్పి సరిచేస్తే, ఆ తర్వాత కొలిచిన ప్రతి కొలతా మూడు డిగ్రీలు తప్పు.

సర్ఫింగ్ పనికిమాలిందని నేననను. రోజూ ఒకే మిషన్, ఒకే గింజ, ఒకే మనిషి అయితే చేతికి అలవాటవుతుంది. చిక్కల్లా రెండో షాట్‌తోనే. మొదటి షాట్ తీశాక బాయిలర్‌లోకి చన్నీళ్లు దూరి ఉంటాయి, హీటర్ మళ్లీ వెలిగి ఉంటుంది, లెక్క మొదటికొస్తుంది. మధ్యలో పాలకు స్టీమ్ పట్టారంటే బాయిలర్ ఇంకా పైకి ఎక్కి కూర్చుంటుంది. దాన్ని దింపడానికి కప్పుల కొద్దీ నీళ్లు వదలాలి.

రెండో దారి పీఐడీ. అదో చిన్న కంట్రోలర్. వేడి లక్ష్యానికి ఎంత దూరంలో ఉంది, ఎంతసేపటి నుంచి దూరంగా ఉంది, ఎంత వేగంగా మారుతోంది అన్న మూడూ చూసి హీటర్‌ను చిటికెల్లో వేస్తూ ఆపుతూ ఉంటుంది. ఊపు పోయి, వేడి డిగ్రీ అటూ ఇటూగా నిలబడుతుంది. మిషన్‌కు తగ్గట్టు తయారుచేసిన కిట్లు బయటి దేశాల నుంచి తెప్పించుకోవచ్చు. చేతిపని తెలిసినవాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డులో కంట్రోలర్, సెన్సర్, హీటర్‌ను వేసి ఆపే ఎస్ఎస్ఆర్ స్విచ్ విడివిడిగా దొరుకుతాయి. అయితే ఇది 230 వోల్టుల కరెంటూ నీళ్లూ పక్కపక్కనే ఉండే పెట్టె. ఎర్త్ వైరు సరిగా లేని అద్దె ఇంట్లో ఈ పని పెట్టుకోవద్దు. మిషన్‌లో ఉన్న థర్మల్ ఫ్యూజ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు. వారంటీ ఉన్న మిషన్ మూత విప్పితే ఆ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

పీఐడీ మీద కనిపించే అంకెను చూసి మురిసిపోయేవాళ్లు ఒకటి గమనించాలి. సెన్సర్ ఉండేది బాయిలర్ గోడ మీద. అక్కడ 103 చూపిస్తుంటే, గ్రూప్ హెడ్ లోహమంతా దాటుకుని పొడిని తాకేసరికి నీళ్లు 93 దగ్గర ఉండొచ్చు. ఆ తేడా మిషన్‌ను బట్టి మారుతుంది. ఆన్ చేసి ఎంతసేపైందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. డిసెంబర్ పొద్దున్నే ఆన్ చేసిన పది నిమిషాలకు అంకె సరిగ్గానే ఉంటుంది, గ్రూప్ హెడ్ మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది. సిల్వియా లాంటి బరువైన మిషన్‌కు అరగంట ఇవ్వాల్సిందే, పోర్టాఫిల్టర్ తగిలించే ఉంచి. ఇంకో సంగతి, గాజియా బాయిలర్ పట్టేది 100 మిల్లీలీటర్లు, సిల్వియాది 300. షాట్ తీసేటప్పుడు లోపలికి వచ్చే చన్నీళ్లకు చిన్న బాయిలర్ త్వరగా చల్లబడుతుంది, ఎంత మంచి పీఐడీ అయినా అప్పటికప్పుడు చేయగలిగింది తక్కువ. అందుకే పీఐడీ పెట్టిన డబ్బుకు సిల్వియాలోనే ఫలితం ఎక్కువ కనబడుతుందని నా లెక్క.

మూడో దారి బటన్ల మిషన్. డెలోంగీ డెడికాలో వేడికి మూడు మెట్లుంటాయి. బ్రెవిల్ బరిస్టా ఎక్స్‌ప్రెస్‌లో మామూలు అమరిక నుంచి రెండు డిగ్రీలు పైకి, రెండు డిగ్రీలు కిందికి జరుపుకోవచ్చు. బాయిలర్‌కు బదులు, నీళ్లు పోతూ పోతూ వేడెక్కే ఏర్పాటు వీటిలో. నిమిషం లోపే సిద్ధం. మెట్టు మెట్టుకూ మధ్య తేడా నోటికి తెలుస్తుంది, అంతకన్నా సన్నగా సర్దుకునే అవసరం చాలామందికి రాదు. లోపమంటే, నీళ్లు వేడెక్కినంత త్వరగా పోర్టాఫిల్టర్ వేడెక్కదు. పొడి లేకుండా ఒకసారి వేడినీళ్లు వదిలి, తుడిచి, అప్పుడు పొడి వేయాలి. అది చేయకుండా పై మెట్టు నొక్కి ప్రయోజనం లేదు.

చేత్తో నొక్కే లీవర్ మిషన్ల గురించి ఒక్క ముక్క. కెటిల్ నీళ్లు పోసే రకమైతే ఈ ఊళ్లో పై హద్దు 97, ఆ నీళ్లు పట్టే లోహపు గది తాగేసే వేడి పోగా మిగిలేది ఇంకా తక్కువ. గదిని ఆవిరి మీద కాల్చి పెట్టుకుంటేనే లేత గింజకు సరిపోతుంది. ముదురు గింజ తాగేవాళ్లకు మాత్రం నిక్షేపంగా పనిచేస్తుంది, కరెంటు పోయినా గ్యాస్ మీద నీళ్లు కాచుకోవచ్చు. మిగతా మిషన్లు వేయి వాట్లకు పైగా లాగుతాయి, మామూలు ఇంటి ఇన్వర్టర్ వాటిని మోయదు.

మా పక్క ఫ్లాట్‌లో అనంతపురం తమ్ముడొకడున్నాడు. పాత సిల్వియా కొన్నాడు.

"అన్నా, దీనికి పీఐడీ బిగిద్దామా?"

"ముందు నువ్వు తాగేదేందో చెప్పు."

"నేను నల్లదే తాగుతా. మా ఆయమ్మకు మాత్రం పాలుండాల."

"గ్రైండర్ ఏముంది?"

"షాపులోనే పొడి కొట్టిచ్చుకుంటా."

అలాంటప్పుడు పీఐడీ మాట తర్వాత. పొడి సన్నదనం చేతిలో లేనివాడు వేడిని ఎంత సర్దినా పులుపు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోలేడు. షాట్ పదిహేను సెకన్లలో జారిపోయి పుల్లగా ఉందంటే అది పొడి తప్పు. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 25, 30 సెకన్లలో దిగుతూ, అప్పటికీ పుల్లగానే ఉంటే అప్పుడు వేడి రెండు డిగ్రీలు పెంచి చూడాలి. మాడు చేదు ఉంటే రెండు తగ్గించాలి. ఒక్కో డిగ్రీ జరిపి తేడా చెప్పమంటే నా నాలుక తడబడుతుంది, చాలామందిదీ అంతేననుకుంటా.

గ్రైండర్ ఉండి, నల్ల కాఫీయే తాగుతూ, గింజలు తరచూ మార్చేవాళ్లను పీఐడీ ఉన్న సిల్వియా వైపే వెళ్లమంటాను. ఉదయం ఏడింటి క్యాబ్‌కు పరుగెత్తేవాళ్లకు బటన్ల మిషన్. గింజ ఎప్పుడూ మార్చని ఓపికమంతులు సర్ఫింగ్‌తోనే సాగిపోవచ్చు. ఏది తీసుకున్నా బోరు నీళ్లు మాత్రం నేరుగా పోయొద్దు. హీటర్ మీద సున్నం పేరుకుంటే గోడ మీది సెన్సర్ ఒకటి చెబుతుంది, లోపలి నీళ్లు ఇంకొకటి చెబుతాయి. ఇక చుట్టాలు ఆరుగురు దిగి, అందరికీ పాల కాఫీ కావాలంటే, సింగిల్ బాయిలర్‌ను స్టీమ్‌కు ఎక్కిస్తూ దింపుతూ వాళ్లను కూర్చోబెట్టకండి. స్టీలు ఫిల్టర్‌లో డికాక్షన్ వేసేయండి.