సిమెంటు బ్లాకుల అక్వేరియం: కొన్నేళ్లు వాడాక

సిమెంటు బ్లాకులతో పెద్ద అక్వేరియం కట్టుకోవాలనుకునేవాళ్లు నన్ను ఎప్పుడూ గోడ గురించే అడుగుతారు. ఎన్ని అంగుళాల బ్లాకు వేశారు, ఎన్ని ఎంఎం ఊచ పెట్టారు, నీళ్ల బరువుకు పగలదా అని. ఊచ వేసి కాంక్రీటు నింపిన గోడ మాకు ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు. గాజూ సిమెంటూ కలిసేచోట ఉండే అంగుళం వెడల్పు సిలికాన్ జిగురు పట్టీ మీదే నా కోపమంతా.

మాది రాజమండ్రిలో సొంతిల్లు. వరండాలో, నేల మీదే కట్టించాం. లోపలి కొలత 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, నీళ్ల లోతు 3 అడుగులు. సుమారు 2,000 లీటర్లు, అంటే నీళ్లే రెండు టన్నులు. ముందు గోడలో 6 అడుగులకు 2 అడుగుల ఖాళీ వదిలి, దానికి లోపలి వైపు నుంచి 19 ఎంఎం గాజు బిగించాం. నీళ్లు గాజును గోడకేసి నొక్కుతాయి కాబట్టి లోపలి నుంచి పెట్టడమే పద్ధతి. ఆ కిటికీ మీద పడే తోపుడు దాదాపు 500 కిలోల బరువుతో సమానం. అంత ఒత్తిడిలోనూ నీళ్లు బయటకు రాకుండా ఆపాల్సింది ఆ పట్టీయే.

గాజు అంటించింది ఊళ్లో గాజు పనిచేసే ఒకాయన. చెయ్యి తిరిగిన మనిషే. మామూలు అక్వేరియంలకు వాడే వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ తెచ్చి, ప్లాస్టరింగ్ చేసిన అంచు మీద నేరుగా పట్టించాడు. సిమెంటుకు పట్టుకుంటుందా అని అడిగితే, "ఎన్ని అంటించానండీ, ఇదో లెక్కా" అన్నాడు. నీళ్లు ఊరకుండా వేసే ఎపాక్సీ పూత ఆ తర్వాత మిగతా గోడలకు వేశారు. గాజు కింద అంచు మాత్రం పూత లేని ఉత్త సిమెంటుగానే ఉండిపోయింది.

ఏడాది దాటాక కిటికీ కింద ఎడమ మూలలో బయటివైపు తెల్లటి పొడి పేరుకోవడం మొదలైంది. తుడిస్తే వారానికి మళ్లీ వచ్చేది. నీళ్లు సిమెంటులోంచి ఊరుతూ అందులోని సున్నాన్ని బయటకు తెచ్చి వదిలేస్తే వచ్చే పొడి అది. తొట్టిలో నీళ్లు తగ్గుతున్నాయి గానీ ఎండాకాలం కదా, ఆవిరవుతున్నాయేమో తెలియదు. అందుకని అంచు దాకా నింపిన బకెట్ పక్కనే పెట్టి రెండింటికీ గీతలు పెట్టాం. బకెట్లో కొంచెమే తగ్గింది, తొట్టిలో నీళ్లు గీత కంటే చాలా కిందికి దిగాయి. ఇక అనుమానం లేదు.

నీళ్లన్నీ తోడేశాం. ఆస్కార్, సిల్వర్ డాలర్ చేపలను నీలం డ్రమ్ముల్లోకి మార్చి బ్యాటరీ ఎయిర్ పంపులు పెట్టాం. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకునే చేప కాబట్టి దానికి పంపు బెంగ లేదు, ఎగిరి దూకకుండా మూత మీద బరువు పెడితే చాలు. గాజును ఊడదీయడానికి సన్నటి తీగతో సిలికాన్‌ను కోసుకుంటూ వచ్చాం. గాజు అరవై డెబ్బై కిలోలుంటుంది, పగిలితే మళ్లీ కొనాలి. పని జరుగుతున్నంతసేపూ అందరికీ టెన్షనే. ఊడి వచ్చాక చూస్తే సిలికాన్ గాజుకు గట్టిగా పట్టుకుని ఉంది. సిమెంటు వైపు మాత్రం పట్టీలా లేచి వచ్చేసింది, వెనకంతా పొడి.

ఆ సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, సిమెంటేమో క్షారం. రెండూ కలిసినచోట పట్టు నిలవదు. గాజుకు గాజు అంటించాలంటే అదే సిలికాన్ బంగారం. సిమెంటుకు పనికిరాదు. ఈ ఒక్క ముక్క ఆ రోజు అతను చెప్పి ఉంటే నెలల తరబడి చేపలు డ్రమ్ముల్లో ఉండేవి కావు. ఆ బాధ నాకింకా పోలేదు.

రెండోసారి మేస్త్రి అంచును గ్రైండర్‌తో నున్నగా చేశాడు. బాగా ఆరనిచ్చి దాని మీద ఎపాక్సీ ప్రైమర్, ఆపైన రెండు పూతలు వేసి, గట్టిపడ్డాక గరుకు కాగితంతో రుద్దాడు. ఈసారి వెనిగర్ వాసన రాని న్యూట్రల్ సిలికాన్, అంటే ఆరేటప్పుడు ఆమ్లం వదలని రకం వాడాం. బాత్రూముల కోసం అమ్మే రకాల్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకు విషం. డబ్బా మీద చదివి మందు లేనిది తెచ్చాం. గాజు మరీ అదుముకుని సిలికాన్ అంతా బయటకు రాకుండా మధ్యలో రబ్బరు ముక్కలు పెట్టి, వెనక గోడ నుంచి కర్రలతో దన్ను పెట్టాం. సిలికాన్ రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతే ఆరుతుంది. గాజు కింద ఉన్న పట్టీకి గాలి రెండు అంచుల నుంచే తగులుతుంది కాబట్టి వారాలు ఆగక తప్పదు. మేమూ ఆగాం, తర్వాత నీళ్లు కొంచెం కొంచెంగా పెంచాం. అప్పటి నుంచీ కిటికీ కింద గోడ పొడిగానే ఉంది. పొద్దున్నే లేచి ఇప్పటికీ మొదట చెయ్యి పెట్టి చూసేది అక్కడే.

ఇంత జరిగినా తొట్టి అంటే నాకు ప్రాణం. అంత నీళ్లుంటే మే నెలలో కూడా వేడి ఒక్కసారిగా పెరగదు. ఆస్కార్లు చిన్న గాజు తొట్టిలో ఎప్పుడూ తిరగనంత ధీమాగా తిరుగుతున్నాయి. చవకగా అయిపోయిందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. గోడల వరకు అది నిజమే. గాజు, ఎపాక్సీ, రెండోసారి పని కలిపితే ఆ మాట ఇప్పుడు అనలేను. చూపు కూడా ముందు నుంచే, పక్కల నుంచి కనబడదు. 19 ఎంఎం మామూలు గాజు కాబట్టి లోపలంతా కాస్త ఆకుపచ్చగా ఉంటుంది. డబ్బుంటే ఇనుము తక్కువగా ఉండే గాజు వేయించుకోండి.

మాకు సొంతిల్లు, కింద గట్టి నేల, చెప్పినట్టు చేసే మేస్త్రి ఉన్నారు కాబట్టి సాగింది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు దీని జోలికి పోవద్దు. ఇళ్ల గదుల స్లాబుకు ఇంజినీర్లు మామూలుగా లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు 200 కిలోలు. 3 అడుగుల లోతు నీళ్లే చదరపు మీటరుకు 900 కిలోలు దాటతాయి, గోడల బరువు దానికి అదనం. హైదరాబాద్‌లో మూడో అంతస్తులో ఉండే మా బావ కూడా ఇలాంటిదే కట్టుకుంటానన్నాడు. వద్దు బావా, నాలుగడుగుల గాజు తొట్టి కొనుక్కో, దానికీ ముందు ఇంజినీరును అడుగు అని చెప్పాను.