ఇంట్లో కాన్పా, ఆస్పత్రిలో సహజ కాన్పా: బెంగళూరులో ఏది మేలు?

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ల ఇళ్లలో సీమంతాల దగ్గర ఈ మధ్య ఒక కొత్త మాట వినిపిస్తోంది: "మేము ఇంట్లోనే కనాలనుకుంటున్నాం, మందులు, ఇంజెక్షన్లు లేకుండా." అది విని పెద్దవాళ్లలో కొందరు మురిసిపోతారు, కొందరు గుండె పట్టుకుంటారు. ఆ కోరికను నేను వెర్రి అనను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగిన కాన్పుల్లో 47 శాతం సిజేరియన్లు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 14 శాతం. తెలంగాణలో అయితే అన్ని కాన్పులూ కలిపి లెక్కేసినా 60 శాతం దాటింది. ప్రైవేటు గుమ్మం దాటగానే ఆడవాళ్ల ఒంటి నిర్మాణం మారిపోదు కదా! కోత తప్పించుకోవాలంటే ఆ గుమ్మమే తొక్కకూడదని ఒక గర్భిణి అనుకుంటే తప్పుపట్టడం కష్టం.

ఇల్లు ఇచ్చేది తక్కువేమీ కాదు. నొప్పులు వస్తున్నప్పుడు తిరగవచ్చు, ఆకలేస్తే ఇంత మజ్జిగన్నం తినవచ్చు, వేడినీళ్లు పోసుకోవచ్చు, దీపం తగ్గించి తల్లి ఒళ్లో తల పెట్టుకోవచ్చు. భయం, కొత్త ముఖాలు, హడావిడి ఉన్నచోట నొప్పులు మందగించవచ్చు. కాన్పు పొడుగునా ఒకరు పక్కనే ఉండి ధైర్యం చెబితే సిజేరియన్లు, నొప్పి మందుల వాడకం తగ్గుతాయని, వైద్య పరిశోధనలెన్నింటినో కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష తేల్చింది. వెనకటి తరం వాళ్లు దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుక్కూర్చుని కన్నారు. కనేటప్పుడు ఎలా ఉండాలో ఆమె ఇష్టానికి వదలండి, ఆమె కోరినవాళ్లను పక్కన ఉండనివ్వండి, అలవాటు కొద్దీ కింద కోత పెట్టకండి అని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది.

ఇక ఇంట్లో లేనిదేమిటో చూడాలి. నా తూకం మొగ్గేది ఇక్కడే.

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం అందుతుంది. బిడ్డ పుట్టి మాయ ఊడిపడ్డాక గర్భసంచి కండరం గట్టిగా బిగుసుకుని, తెరుచుకున్న రక్తనాళాలను నొక్కేస్తుంది. ఏ కారణం చేతనైనా అది బిగుసుకోకపోతే రక్తం ఆగదు. నొప్పులు చక్కగా వచ్చి, బిడ్డ కేరుమన్న తరువాత, అందరూ ఫోన్లు తీసి ఊరికి కబురు చెబుతున్న వేళ ఇది మొదలు కావచ్చు. గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్, సెలైన్, ఎక్కించడానికి రక్తం, అవసరమైతే ఆపరేషన్ అన్నీ వెంటవెంటనే అందాలి. పట్టించుకోకపోతే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. పైగా మొదట చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. రక్తం తక్కువున్న ఒళ్లు ఇంకా ముందే చేతులెత్తేస్తుంది. బిడ్డ సంగతికి వస్తే, పుట్టిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఊపిరి అందుకోవడానికి ఏదో ఒక సాయం కావాలి. అదీ మొదటి నిమిషంలోనే.

ఇప్పుడు ఆరో అంతస్తు ఫ్లాటును ఊహించండి. చాలా అపార్ట్‌మెంట్ల లిఫ్టుల్లో స్ట్రెచర్ అడ్డంగా పట్టదు. ఇద్దరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఒకరు బిడ్డను ఎత్తుకుని, కిందికి దిగి గేటు దాటాలి. వర్తూరు రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి అంబులెన్సు మోత విని పక్కకు జరగాలనే అందరికీ ఉంటుంది, జరగడానికి చోటుండదు. చివరికి క్యాజువాలిటీకి చేరాక అక్కడి డాక్టరుకు ఆమె ఎవరో తెలియదు. ఆమె రక్తం గ్రూపు, స్కాన్ కాగితాలు ఇంట్లో బీరువాలో ఉంటాయి.

ఇంటి కాన్పును సమర్థించేవాళ్లు ఇంగ్లండును చూపిస్తారు. చూద్దాం. అక్కడ 2011లో వెలువడిన అధ్యయనంలో, పెద్దగా ప్రమాద సూచనలు లేని 64 వేల పైచిలుకు కాన్పులను గమనించారు. రెండో కాన్పు, ఆపై కాన్పుల వాళ్లకు ఇంటికీ ఆస్పత్రికీ బిడ్డ క్షేమంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. తొలి కాన్పువాళ్లలో మాత్రం బిడ్డ చనిపోవడం, తీవ్రంగా దెబ్బతినడం వంటివి ఆస్పత్రిలో వెయ్యికి 5.3 అయితే, ఇంట్లో కనాలనుకున్నవాళ్లకు 9.3. ఇంట్లో మొదలుపెట్టిన తొలి కాన్పువాళ్లలో 45 శాతం మందిని కాన్పు మధ్యలోనో, కాన్పయిన వెంటనేనో ఆస్పత్రికి తరలించాల్సి వచ్చింది. అక్కడి మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చేయడంలో శిక్షణ పొందిన మంత్రసాని, ప్రభుత్వ వైద్య వ్యవస్థలో మనిషి. ఇంజెక్షను ఆమె సంచిలోనే ఉంటుంది, ఆమె ఫోను చేస్తే ఆస్పత్రి సిద్ధంగా ఉంటుంది. మన దగ్గర ఇంటి కాన్పుకు వెనక అలాంటి అండ లేదు. డూలాను పిలుస్తామంటారు కొందరు. డూలా నడుము రుద్దుతుంది, ధైర్యం చెబుతుంది, మంచిదే. కానీ కాన్పు చేయడం ఆమె పని కాదు. వైద్యులు, మిడ్‌వైఫ్ ఎవరూ లేకుండా వీడియోలు చూసి కనాలన్న సాహసం గురించి ఎక్కువ చెప్పను. 2018లో తిరుప్పూరులో అలా కన్న ఒక తల్లి రక్తస్రావంతో చనిపోయింది.

కాబట్టి బెంగళూరులో, ముఖ్యంగా తొలి కాన్పుకు, నా మొగ్గు ఆస్పత్రి వైపే. ఇంట్లో దొరికే వెసులుబాట్లలో చాలావాటిని అడిగి ఆస్పత్రికి తెచ్చుకోవచ్చు. రక్తనిధిని, ఆపరేషన్ థియేటర్‌ను మాత్రం ఇంటికి తెచ్చుకోలేం. అయితే ఏ ఆస్పత్రి అన్నదే అసలు ప్రశ్న. ఏడో నెలలోనే వెళ్లి లేబర్ రూమ్ చూపించమనండి. నేను చూసిన ఒకచోట స్వాగత గదిలో పూలకుండీలు, గోడలకు నవ్వే పాపాయిల బొమ్మలు. లోపల కాళ్లు పైకెత్తి కట్టే బల్ల తప్ప నడవడానికి నాలుగు అడుగుల జాగా లేదు. భర్తను రానిస్తారా అంటే "డాక్టరుగారి మూడ్‌ను బట్టి" అన్నారు! తొలి కాన్పుల్లో సిజేరియన్లు ఎన్ని? నొప్పుల్లో నడవనిస్తారా? బిడ్డ గుండె చప్పుడు మధ్యమధ్య వింటారా, లేక బెల్టు కట్టి మంచానికే పరిమితం చేస్తారా? మిడ్‌వైఫ్‌లు ఉన్నారా? సమాధానం సూటిగా రాకపోతే ఇంకో ఆస్పత్రి చూసుకోండి. మిడ్‌వైఫ్‌లే నడిపి, వెనక వైద్యులు సిద్ధంగా ఉండే చోటు దొరికితే అంతకన్నా మంచిది లేదు. వాణి విలాస్ వంటి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో ఏకాంతం ఆశించలేం, రద్దీ అలాంటిది.

మందు లేకుండా కనాలన్న పట్టుదల మంచిదే, కానీ దాన్ని వ్రతంగా మార్చుకోవద్దు. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మందు) తీసుకుంటే సిజేరియన్ తప్పదన్న ప్రచారాన్ని 2018 నాటి కాక్రేన్ సమీక్ష బలపరచలేదు. ఇరవై గంటలు నొప్పులు పడ్డాక ఆమె అడిగితే పక్కనున్నవాళ్లు వద్దనకూడదు.

రెండో కాన్పు, మొదటిది సాఫీగా జరిగింది, బీపీ, షుగరు, రక్తహీనత లేవు, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ మందులతో సహా వస్తుంది, ఆస్పత్రి పది నిమిషాల్లో ఉంది, అక్కడ పేరు ముందే నమోదైంది అంటే ఇంటి గురించి మాట్లాడుకోవచ్చు. ముందు సిజేరియన్ అయినా, కవలలైనా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా ఆ మాటే వద్దు. ఇంట్లో పుడితే 21 రోజుల్లోగా జనన నమోదు చేయించే బాధ్యత ఇంటిపెద్దదే.

మిగిలినవాళ్లు కూడా ఇంటిని పూర్తిగా వదులుకోనక్కర్లేదు. నొప్పుల తొలి గంటలు ఇంట్లోనే గడపండి. అయిదు నిమిషాలకొకటి చొప్పున బలంగా వస్తూ గంటసేపు నిలిస్తే బయలుదేరండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా అంతవరకూ ఆగొద్దు. ఆస్పత్రికి వెళ్లే దారి ట్రాఫిక్‌కు పేరుమోసిన సిల్క్ బోర్డు కూడలి మీదుగా అయితే ఆ అయిదు నిమిషాల లెక్క కూడా పక్కన పెట్టి ఇంకాస్త ముందే కారెక్కండి.