రాజకీయాలు రాసే సైటుకు ప్రకటనల నెట్‌వర్క్: మూడేళ్ల వాడకం తర్వాత

స్వతంత్రంగా నడిచే ఒక రాజకీయ విశ్లేషణ సైటుకు సంపాదకుడిగా నేను మూడేళ్లకు పైగా ఒకే ప్రకటనల నెట్‌వర్క్‌ను వాడాను. ఈ తరహా సేవలన్నిటి పద్ధతీ దాదాపు ఒకటే కాబట్టి దాని పేరు రాయడం లేదు.

ఏర్పాటులో వంక పెట్టడానికి లేదు. కొద్దిపాటి కోడ్‌ను పేజీలో అతికిస్తే ప్రకటనలు వాటంతటవే వస్తాయి, డబ్బు చెప్పిన తేదీకి ఖాతాలో పడుతుంది.

చిక్కంతా రాసే విషయం దగ్గరే వచ్చింది. పోలీసు కస్టడీలో జరిగిన ఒక మరణంపై అధికారిక విచారణ నివేదికను ఆధారం చేసుకుని మేము ప్రచురించిన వ్యాసానికి మూడో రోజున ఆ సేవ డాష్‌బోర్డులో పసుపు గుర్తు పడింది, ప్రకటనలు ఆగిపోయాయి. ఆ గుర్తు పక్కన ఉన్నవి రెండే మాటలు: ‘సున్నితమైన అంశం’. ఏ వాక్యానికి అభ్యంతరమో, ఏ ఫొటోకు అభ్యంతరమో ఎక్కడా లేదు. అప్పీలు చేస్తే తొమ్మిది రోజులకు వచ్చిన జవాబులోనూ అవే రెండు మాటలు. చివరికి, నివేదికే వాడిన ‘హత్య’ అనే పదాన్ని శీర్షికలోంచి తీసి ‘ఘటన’ అని పెట్టగానే ప్రకటనలు తిరిగి వచ్చాయి. ఎవరూ అడగకుండానే ఆ మార్పు చేసింది నేనే. ఆ తర్వాత కొన్ని నెలల పాటు ప్రతి శీర్షికనూ పాఠకుడి కోసం కాక ఆ పసుపు గుర్తు కోసం చదువుకున్నాను.

ప్రకటన ఎక్కడ కనిపించాలో నిర్ణయించుకునే హక్కు డబ్బు పెట్టేవారికి ఉంటుంది, దాన్ని నేను కాదనను. 2017లో తమ ప్రకటనలు యూట్యూబ్‌లో తీవ్రవాద వీడియోల పక్కన కనిపించాయని పెద్ద సంస్థలు వెనక్కి తగ్గడం అర్థం చేసుకోదగినదే. అయితే ఆ జాగ్రత్త నిషేధ పదాల జాబితాగా మారినప్పుడు హింసను సమర్థించే రాతకూ, హింసను బయటపెట్టే రాతకూ తేడా చెరిగిపోతుంది. 2020లో ‘కరోనా వైరస్’ అన్న మాట కూడా ఇలాంటి జాబితాల్లోకి ఎక్కడంతో, పాఠకులకు ఆ వార్తలు అత్యవసరమైన సమయంలోనే వార్తా సంస్థలు వాటిపై ఆదాయం పోగొట్టుకున్నాయి. 2015 మార్చిలో యుద్ధ వ్యతిరేక సైటు యాంటీవార్ డాట్ కామ్‌కు గూగుల్ తన ప్రకటనల నెట్‌వర్క్ యాడ్‌సెన్స్ నుంచి వచ్చే ప్రకటనలను ఆపేసింది. అందుకు చూపిన కారణం ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలులో ఖైదీలపై అమెరికా సైనికులు జరిపిన చిత్రహింసల ఫొటోలు. అవి 2004 నుంచీ ప్రపంచమంతా చూసినవే. యుద్ధాన్ని వ్యతిరేకించడానికే పుట్టిన సైటు యుద్ధం చేసిన పనిని చూపించకుండా ఇంకేం రాయాలి?

వంటలకో ప్రయాణాలకో ఈ సేవ బాగానే పనికొస్తుంది. రాజకీయాలు రాసేవారికి మాత్రం, కారణం చెప్పే మనిషి అటువైపు దొరికే వరకూ, నేను ఐదుకు రెండు మార్కులకు మించి వేయలేను. తప్పనిసరై వాడితే, అది ఆగిపోయినా సైటు నడవగలిగేంత వరకే దానిపై ఆధారపడండి.

మేము రాజకీయ వ్యాసాల పేజీల నుంచి ఆ కోడ్‌ను తీసేసి, పుస్తక సమీక్షల దగ్గర మాత్రమే ఉంచాం. ప్రకటనల ఆదాయం సగానికి పైగా పడిపోయింది, పాఠకుల చందాలు ఇంకా ఆ లోటును పూడ్చలేదు. కస్టడీ మరణం వ్యాసానికి పాత శీర్షికనే తిరిగి పెట్టాను.