డిస్కు పోలేదు, విండోస్‌కు కనిపించలేదంతే: అనంతపురంలో ఒక లాప్‌టాప్ సర్వీసు షాపు

నా లాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్. అందులో 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే రకం డిస్కు) వేయించి విండోస్ 10 ఎక్కించబోతే, ఇన్‌స్టాలర్‌లో డిస్కుల జాబితా ఖాళీగా వచ్చింది. మొదట చూపించిన చోట బోర్డు పోయిందని తేల్చేశారు. రెండో మాట కోసం సుభాష్ రోడ్డు పక్క సందులో, మేడమీద ఉన్న చిన్న షాపుకు వెళ్లాను.

అక్కడి కుర్రవాడు స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే అదే ఎస్‌ఎస్‌డీ నిక్షేపంగా కనిపించింది. "డిస్కు బాగానే ఉంది సార్, విండోస్‌కే దాని దారి తెలియడం లేదు" అన్నాడు.

యంత్రం ఆన్ కాగానే బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్ (బయాస్) కొన్ని పట్టికలను మెమరీలో సిద్ధం చేసి ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుంది. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ప్రకటించిన ఏసీపీఐ ప్రమాణం వీటికి ఆధారం. 2013 నుంచి దాని బాధ్యత ఫర్మ్‌వేర్ ప్రమాణాలు చూసే యూఈఎఫ్‌ఐ ఫోరమ్‌ది. ఆ పట్టికల్లో ఎంసీఎఫ్‌జీ అనేది, పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే మార్గంలో బోర్డుకు కలిసే పరికరాల వివరాలను ఏ చిరునామా నుంచి చదవాలో చెబుతుంది. అక్కడ ప్రతి పరికరానికీ ఒక క్లాస్ కోడ్ ఉంటుంది: ఎన్‌వీఎంఈ డిస్కుకు 010802, ఏహెచ్‌సీఐ సాటా కంట్రోలర్‌కు 010601. ఆ అంకె చూసే తగిన డ్రైవర్ ముందుకొస్తుంది. పొలం కళ్లెదుటే ఉన్నా అడంగల్‌లో వేరే పేరు పడితే బ్యాంకులో అప్పు పుట్టదు కదా, ఇదీ అలాంటిదే.

నా బయాస్‌లో ఇంటెల్ వీఎండీ (డిస్కులను తన కిందికి తీసుకునే కంట్రోలర్) ఆన్‌లో ఉంది. అప్పుడు డిస్కు ఆ కంట్రోలర్ చాటున చేరుతుంది, బయటికి 0104తో మొదలయ్యే క్లాస్ కోడ్‌తో రెయిడ్ (పలు డిస్కులను కలిపి వాడే) కంట్రోలర్ మాత్రమే కనిపిస్తుంది. లినక్స్ కెర్నల్‌లో వీఎండీ డ్రైవర్ ఉంది, విండోస్ 10 ఇన్‌స్టాలర్‌లో లేదు. పెన్‌డ్రైవ్‌లో ఇంటెల్ డ్రైవర్ పెట్టి 'లోడ్ డ్రైవర్' నొక్కడం ఒక మార్గం, వీఎండీని ఆపేయడం రెండోది. ఇప్పటికే విండోస్ ఉన్న యంత్రంలో ఉన్నపళంగా ఆపితే బూట్ డివైస్ అందడం లేదంటూ నీలితెర వచ్చే ప్రమాదముందని హెచ్చరించి, నాది ఒకే డిస్కు, కొత్త ఇన్‌స్టాలేషన్ కాబట్టి ఆపేయడమే మేలన్నాడు. ఆపగానే డిస్కు జాబితాలోకి వచ్చింది.

తీసుకున్నది 600 రూపాయలు. ఆ రోగనిర్ణయానికి అది తక్కువే. బిల్లు మాత్రం నాకు నచ్చలేదు. "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం" అని రెండే మాటలు రాశారు. రేపు బయాస్ సెట్టింగులు మొదటికి వచ్చి వీఎండీ తిరిగి ఆన్ అయితే, ఆ కాగితం చూసినవారికి ఏమీ అర్థం కాదు. అడిగి మరీ "వీఎండీ ఆఫ్" అని రాయించుకున్నాను. కూర్చోవడానికి ఒకే స్టూలు, రెండు గంటల నిరీక్షణ.

స్లీప్‌లో పెడితే తెల్లారేసరికి బ్యాటరీ సగం దిగిపోతోందని కూడా చెప్పాను. ఉబుంటులోనే ఏసీపీఐ పట్టికలను బయటికి తీసి, ఐఏఎస్ఎల్ అనే ప్రోగ్రామ్‌తో చదవగలిగే రూపంలోకి మార్చి, 'స్టోరేజ్‌డీ3ఎనేబుల్' అనే పదం కోసం వెతికాడు. నిద్రవేళ డిస్కును పూర్తిగా విద్యుత్తు తగ్గిన స్థితికి పంపవచ్చని డ్రైవర్‌కు చెప్పే గుణం అది. నా పట్టికల్లో లేదు. ఇదే కారణం కావచ్చునని, దాన్ని చేర్చవలసింది తయారీదారే కాబట్టి కొత్త బయాస్ వస్తే తెమ్మని చెప్పాడు. ఈ పనికి డబ్బు తీసుకోలేదు. బయాస్ ఇంకా రాలేదు.