బెల్టు సాగలేదు, పాటే అంత

బోర్డ్స్ ఆఫ్ కెనడా అనే ఇద్దరు అన్నదమ్ముల ఎలక్ట్రానిక్ సంగీత బృందం తొలి ఆల్బమ్ 'మ్యూజిక్ హ్యాజ్ ద రైట్ టు చిల్డ్రన్' గురించి చెప్పాలంటే ముందు మా ఇంటి టేప్‌రికార్డర్ గురించి చెప్పాలి. 2006లో చిత్తూరులో చదువుకునేటప్పుడు స్నేహితుడి సీడీలోని ఈ పాటలన్నీ తొంభై నిమిషాల క్యాసెట్‌లోకి ఎక్కించుకుని తిరుపతికి తెచ్చుకున్నాను. ఇంట్లో పెట్టి వింటే స్వరం నిలకడగా లేదు. కాస్త జారుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఎండలో మరిచిపోయిన క్యాసెట్ మోగినట్టే ఉంది. బెల్టు సాగిందనుకున్నాను.

గాంధీ రోడ్డు పక్క సందులో ఒక పెద్దాయన రేడియోలు, టేపులు బాగుచేసేవారు. ఆయన బెల్టు మార్చారు. స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్డు తుడిచారు, రబ్బరు చక్రానికి అంటుకున్న గోధుమరంగు పొడి గీకారు. అయినా పాట ఊగుతూనే ఉంది. అప్పుడు సొరుగులోంచి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం క్యాసెట్ తీసి పెట్టారు. తంబుర గీత గీసినట్టు నిలబడింది. మళ్లీ నా క్యాసెట్ పెట్టి, చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే పట్టుకుని, 'ఓల్సన్' మొత్తం విన్నారు. డ్రమ్ములేవీ లేని నిమిషమున్నర పాట అది. "మిషన్‌లో తేడా లేదు బాబూ, వీళ్లు కావాలనే ఇలా చేశారు" అన్నారు. బెల్టు ఖరీదు తీసుకున్నారు, కూలి వద్దన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. స్కాట్లండ్‌కు చెందిన ఈ అన్నదమ్ములు తమ బృందానికి పేరు పెట్టుకున్నదే కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డును తలచుకుని. చిన్నప్పుడు చూసిన ఆ డాక్యుమెంటరీల్లో, అరిగిన రీళ్ల మీద సంగీతం వంకరపోయే తీరును 1998లో పనిగట్టుకుని పాటల్లోకి తెచ్చారు. మన సంగీతంలో స్వరం ఎంత ఊగినా శ్రుతి కదలదు. గమకానికి అందం ఆ కదలని ఆధారం వల్లే వస్తుంది. ఇక్కడ ఆధారమే మెల్లగా కదులుతుంది. అన్నమయ్య కీర్తనలు పాడే మా అమ్మ రెండు పాటలు విని, "కాలు మోపే చోటే లేదు కదా నాయనా" అంది. నన్ను పట్టి ఉంచింది మాత్రం ఆ కాలు నిలవకపోవడమే.

'రాయ్‌జిబివ్' అంటే మనం బడిలో చదువుకున్న విబ్జియార్ తలకిందులైన రూపం. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో, వాన వెలిసిన సాయంత్రం, చంద్రగిరి కొండలు కిటికీలో వెనక్కి పోతుండగా వినాల్సిన పాట. రెండున్నర నిమిషాలకే అయిపోతుంది, చెయ్యి దానంతటదే రివైండ్ మీదికి పోయేది. 'అక్వేరియస్' కూడా మొదట్లో అంతే ఇష్టం. ఒక ఆడగొంతు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వరస తప్పుతుంది. ఇప్పుడు ఆ ఆరు నిమిషాలు ఓపికగా కూర్చోలేకపోతున్నాను. ఆల్బమ్ రెండో సగంలో డ్రమ్ముల పాటలు కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోతాయన్నది కూడా ఒప్పుకోవాలి.

రెండేళ్ల కిందట ఫోనులో శుభ్రమైన ప్రతి విన్నాను. 'ఓల్సన్' నేను ఎరిగినంతగా ఊగలేదు. కొన్ని వందలసార్లు తిరిగి నా క్యాసెట్టే సాగిపోయింది. వాళ్ల ఊపు మీద మా టేపు ఊపు చేరింది. ఇన్నేళ్లుగా అందరి ముందూ నేను మెచ్చుకున్న దాంట్లో ఎంత వాళ్లది, ఎంత మా టేపుది అన్నది విడదీయలేను. అయితే 'ద కలర్ ఆఫ్ ద ఫైర్'లో, కూడబలుక్కుంటూ ప్రేమిస్తున్నానని చెప్పే పసిగొంతు ఫోనులోనే బాగుంది. క్యాసెట్ బుసలో ఆ పిల్ల గొంతులోని ఊపిరి నాకెప్పుడూ వినబడలేదు.

క్యాసెట్ల ఇంట్లో పెరిగినవాళ్లు తప్పక వినండి. మిగతావాళ్ల సంగతి గట్టిగా చెప్పలేను. క్యాసెట్‌ను చేత్తో ముట్టని మా పదేళ్ల అమ్మాయి అర నిమిషం విని, "ఫోను పాడైందా నాన్నా?" అని అడిగింది. పాడవలేదని చెప్పాను. ఇంకో పాట పెట్టమంది. 'రాయ్‌జిబివ్' పెట్టాను, పూర్తిగా వింది.