కుంగ్‌ఫూ నేర్పడంలో ఏది మేలు: ఫారమ్‌ను కాపాడటమా, వదిలేయడమా?

వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ శైలి నేర్పే ఇద్దరు గురువులను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఫారమ్ అంటే ఒంటరిగా చేసే కదలికల స్థిరమైన వరుస. ఒకరు సియు నిమ్ తావ్ అనే మొదటి ఫారమ్‌లో మోచేయి కాస్త పక్కకు జరిగినా ఒప్పుకోరు. అడుగు కదపనివ్వకుండా నెలల తరబడి అదే చేయిస్తారు. ఇంకొకరు ఫారమ్ జోలికే పోరు. మొదటి వారమే గ్లవుజులు తొడిగించి, ప్యాడ్లు కొట్టించి, ఎదురుగా మనిషిని నిలబెడతారు. ఎవరి దగ్గర చేరాలి?

నా మొగ్గు మొదటి గురువు వైపు. కానీ ఫారమ్‌ను ఏమాత్రం మార్చని ఆ మనిషి, మిగిలిన క్లాసును మాత్రం శిష్యుణ్ణి బట్టి మార్చగలగాలి. అది చేతకాకపోతే నేను రెండో గురువు దగ్గరికే పంపుతాను.

ఫారమ్‌లో ఏముందో దగ్గరగా చూడాలి. సియు నిమ్ తావ్ మొదటి భాగంలో అరచెయ్యి పైకి తిప్పి, మోచేతిని ఒంటి మధ్యగీత వైపు లాగిపట్టి, చేతిని చాలా నెమ్మదిగా ముందుకు పంపుతారు. అది తాన్ సావ్. తర్వాత మణికట్టు మడిచి ఫుక్ సావ్. ఈ ఫుక్ సావ్ ఒక్కటే మూడుసార్లు వస్తుంది. భుజం లాగేస్తుంది, విసుగు పుడుతుంది, కొత్తవాడికి ఇందులో పోరాటమేదీ కనిపించదు. చీ సావ్ మొదలయ్యాక సంగతి తెలుస్తుంది. ఇద్దరూ ముంజేతులు ఆనించి తిప్పుతుంటే, మోచేయి బయటికి జారినవాడి చెయ్యి చిన్న ఒత్తిడికే కూలిపోతుంది. ఆ సందులోంచే గుద్దు లోపలికి వస్తుంది. ఆ మూడుసార్ల విసుగు ఎందుకో అప్పటిదాకా నోటితో ఎంత చెప్పినా ఎక్కదు.

పిల్లలు విసుక్కుంటున్నారని ఒక గురువు ఆ మూడింటిని ఒకటి చేశారనుకోండి. ఆ ఏడాది ఏ తేడా రాదు, క్లాసు ఇంకా హుషారుగా సాగుతుంది. ఆయన శిష్యుడు గురువయ్యేసరికి మాత్రం ఆ మోచేయి ఉండదు, అది లేదని పట్టుకునేవాళ్లూ ఉండరు. ఫారమ్ మీద సృజన చూపించాలనుకునేవాళ్లతో నాకున్న పేచీ ఇదే.

అలాగని ఫారమ్ ఒక్కటే చాలనుకుంటే ఏమవుతుందో 2017లో చైనాలోని చెంగ్డులో లోకమంతా చూసింది. శూ షియావోదోంగ్ అనే ఎంఎంఏ (రకరకాల పోరాట పద్ధతులు కలిసిన పోటీ క్రీడ) ఫైటర్‌తో తలపడిన తైచీ గురువు వేయి లేయి అర నిమిషం కూడా నిలవలేదు. దాంతో తైచీ అంతా బూటకమని చాలామంది తేల్చేశారు. నేనలా అనను. కానీ తన మాట వినని ప్రత్యర్థితో ఎన్నడూ సాధన చేయకపోతే ఎంత అందమైన ఫారమైనా ఒంటరి కసరత్తుగానే మిగిలిపోతుంది. అలాంటి క్లాసులో సంప్రదాయం పేరు చెప్పి ప్రశ్నలు అడగనివ్వరు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

రెండో దారికి పెద్ద పేరు బ్రూస్ లీ. హాంకాంగ్‌లో ఇప్ మాన్ దగ్గర వింగ్ చున్ నేర్చుకుని 1959లో అమెరికా వెళ్లారు. 1964లో ఓక్లాండ్‌లో కుంగ్‌ఫూ గురువు వాంగ్ జాక్ మాన్‌తో జరిగిన పోటీలో తానే గెలిచానని చెప్పినా, అది అంతసేపు సాగడం, తనకు ఊపిరి అందకపోవడం ఆయనకు నచ్చలేదు. అక్కణ్ణుంచి పాత కట్టుబాట్లు ఒక్కొక్కటే వదిలేస్తూ 1967లో తన పద్ధతికి జీత్ కున్ డో అని పేరు పెట్టారు. అంతకు చాలాముందే షింగ్‌యి అనే మరో చైనా యుద్ధవిద్య గురువు వాంగ్ షియాంగ్‌జాయ్ కూడా వరుస ఫారమ్‌లన్నీ పక్కనపెట్టి, కదలకుండా నిలబడే సాధనను కేంద్రం చేసుకుని యీచ్వాన్ తయారుచేశారు. ఇద్దరూ వదిలిపెట్టింది ముందు బాగా వంటబట్టించుకున్నదాన్నే. వాళ్ల శిష్యులకు ఆ వెసులుబాటు లేదు. కృతులు, గీతాలు ఏవీ రాకుండా కల్పనస్వరాలకు కూర్చున్నవాడి పరిస్థితే వాళ్లది.

ఇక్కడ నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. రింగ్‌లో గెలవడమే లక్ష్యమైతే ఫారమ్ అక్కర్లేదు. చైనావాళ్లే 1979 నుంచి ప్రయోగాలు చేసి సాండాను పోటీ క్రీడగా పెంచారు. గుద్దులు, తన్నులు, పడదోయడాలు అన్నీ నిజమైన ఎదురుదాడి మధ్యే నేర్పుతారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు పోటీలకు వెళ్తానంటే అతణ్ణి సాండాకే పంపాలి. మోకాళ్ల నొప్పులున్న అరవై ఏళ్లావిడ అడిగితే 1956లో చైనా క్రీడా సంఘం కూర్చిన 24 భంగిమల తైచీ హాయిగా సరిపోతుంది. తైచీలోని యాంగ్ శైలిని కుదించి, ఐదారు నిమిషాల్లో పూర్తయ్యేలా చేశారు. ఎదుటివాడి బలాన్ని చేతులతో చదివే తోపు సాధన అందులో లేదు, ఆమెకు దాని అవసరమూ లేదు.

మూడో పద్ధతి ఒకటుంది: మూలాన్ని అలాగే ఉంచి, మిగిలినదాన్ని శిష్యుణ్ణి బట్టి మార్చడం. సంప్రదాయవాదులు దాన్ని ఎందుకు మరిచిపోతారో నాకు అర్థం కాదు. బాగ్వా అనే యుద్ధవిద్యను బీజింగ్‌లో వ్యాప్తిలోకి తెచ్చిన దోంగ్ హైచ్వాన్ దగ్గరికి అప్పటికే ఏదో ఒక విద్య వచ్చినవాళ్లు చేరేవారు. చెంగ్ తింగ్‌హ్వా కుస్తీ మనిషి, అందుకే ఆయన బాగ్వాలో పట్లు, పడదోయడాలు ఎక్కువ. యిన్ ఫూకు లువోహాన్ అనే కుంగ్‌ఫూ పద్ధతి వచ్చు, ఆయన శాఖలో సూటిగా దూసుకెళ్లే దెబ్బలు ఎక్కువ. వలయంలో నడక, అరచేతుల మార్పులు మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. అందరికీ ఒకే అచ్చు వేయడమే పాత పద్ధతి అనేవాళ్లు ఈ గురువును ఎక్కడ పెడతారు?

ఇప్ మాన్ కూడా ఇంచుమించు అలాగే చేశారు. 1950లో హాంకాంగ్‌లో హోటల్ కార్మికుల సంఘంలో నేర్పడం మొదలుపెట్టాక, పంచభూతాల పాత పరిభాషను తగ్గించి కదలిక ఎలా పనిచేస్తుందో మామూలు మాటల్లో చెప్పేవారు. చైనాలోని ఫోషాన్‌లో, కొట్టి సాధన చేసే చెక్కబొమ్మను నేలలో పాతేవారు. హాంకాంగ్ మేడల్లో అది కుదరదు కాబట్టి అడ్డపట్టీల మీద గోడకు బిగించే బొమ్మ వచ్చింది. కొడితే ఆ పట్టీలు కాస్త వంగి వెనక్కి తోస్తాయి, సాధన చేసేవాడికి ఆ తోపు చేతికి తగులుతుంది. ఇరుకిల్లు వల్ల వచ్చిన మార్పు సాధనకే మేలు చేసింది.

అందుకే కొత్తదనమంతా జంట సాధనలో పెట్టాలంటాను. ముందు చీ సావ్ తిప్పుడు స్థిరపడాలి. తర్వాత ఒకరు చెప్పకుండా దాడి చేయాలి, ఆపైన ఇద్దరూ అడుగులు కదపాలి, ఆపైన గ్లవుజులతో దూరం నుంచి మొదలుపెట్టాలి. ‘వాడు నా మెడ పట్టుకుంటే?’ అని శిష్యుడు అడిగితే గురువు ‘సరే, పట్టుకో’ అనాలి. అప్పుడు ఫారమ్‌లోని ఏ కదలిక నిలుస్తుందో, ఏది అక్కడ పనికిరాదో ఇద్దరికీ తెలుస్తుంది. పొట్టిగా ఉన్నవాడికీ పొడుగాటివాడికీ ఒకే జవాబు రాదు, రానక్కర్లేదు.

క్లాసు ఎంచుకునేటప్పుడు ఒక గంట కూర్చుని చూడండి. ఫారమ్ సరిదిద్దేటప్పుడు గురువు కారణం చెబుతున్నారా, ఆ కారణాన్ని వెంటనే జంటగా పరీక్షించనిస్తున్నారా అన్నది గమనించండి. రెండూ కనిపిస్తే ఫీజు కట్టేయండి. మొదటిది లేకపోతే ఇంకో చోట వెతకండి. రెండోది లేకపోతే, ఎందుకు లేదో ఆయన్నే అడగండి. ఇచ్చే జవాబుతో పాటు, అడిగినందుకు ఆయన ముఖం ఎలా మారిందో కూడా చూడండి.