లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణం: సరుకు సంగతీ, మాట సంగతీ

చార్మినార్‌కు పడమటి వైపున మొదలై ఖిల్వత్ దిశగా సాగే లాడ్ బజార్‌లో, మా చెల్లెలి పెళ్లి కోసం ఒక మధ్యరకం దుకాణంలో లక్క గాజులు తీసుకున్నాము. మంచితో పాటు ఒక ఫిర్యాదు కూడా చెప్పబోతున్నాను కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు.

ముందు సరుకు గురించి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కను బొగ్గుల మీద మెత్తబరచి, సన్నగా సాగదీసి, వలయంగా వంచి, వేడి ఆరకముందే రాళ్లనూ అద్దపు ముక్కలనూ ఒక్కొక్కటిగా అద్దే పని చేతులతోనే సాగుతుంది. మేము తీసుకున్న జతల్లో రాళ్లు వేలితో గట్టిగా రుద్దినా కదలలేదు, లోపలి అంచు ఎక్కడా గరుకుగా లేదు. ఇక్కడ సైజును ‘టూ ఫోర్’, ‘టూ సిక్స్’ అని అడుగుతారు. టూ ఫోర్ అంటే 2 అంగుళాల మీద 16లో 4 వంతులు, అంటే రెండుంపావు అంగుళాల వ్యాసమని తెలిసి వెళితే బేరానికి ముందే సగం పని అయిపోతుంది. ఒక గాజు బిగుతుగా ఉందంటే దుకాణం మెట్ల మీద కూర్చున్న పనివాడు దాన్ని నిప్పుల సెగకు చూపించి, గుండ్రని కర్రకు తొడిగి, రెండు నిమిషాల్లో వదులు చేసి ఇచ్చాడు. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఇక మాట సంగతి. దుకాణదారు ఇంటి భాష ఉర్దూ. తెలుగు కూడా ధారాళంగా మాట్లాడతాడు, అదీ ఎదుటి మనిషి యాసను బట్టి. ఈ ఊరికి ఇది కొత్త కాదు: 1591లో హైదరాబాద్‌కు పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ ఉర్దూలో కవిత్వం రాస్తే, అతని తండ్రి ఇబ్రహీం తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడు అనిపించుకున్నాడు. కరీంనగర్ వైపు దాన్ని కాబట్టి నేను “జర తగ్గియ్యి భాయ్” అంటే, అతను “నీకు ఎక్కువ చెప్తనా అక్కా” అన్నాడు. మా చెల్లెలికి కాబోయే అత్తగారిది రాజమండ్రి. ఆమె వైపు తిరిగేసరికి అదే నోటి నుంచి “చూడండమ్మా, మీకు నచ్చినవే తీయిస్తాను” అని వచ్చింది.

అసలు నేర్పు ధర దగ్గర కనిపించింది. సెట్టుకు 1,800 రూపాయలు చెప్పాడు. అత్తగారు తమ ఊరి బజారులో కూరగాయల మనిషితో కూడా రూపాయికి రూపాయి పట్టుపట్టే మనిషే. కానీ ఇక్కడ ఆమె మగపెళ్లివారి తరఫున, ఆడపెళ్లివారి ముందు నిలబడి ఉన్నారు. ఆ హోదాలో గాజుల దగ్గర బేరమాడడం ఆమెకు చిన్నతనం. “సరే బాబూ” అని ఊరుకున్నారు. ఆ వీధిలో ధర విని ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క, ఆ సొమ్ము హాయిగా పెట్టెలో వేసుకోవచ్చు. అతను అలా చేయలేదు. ఆమె అద్దాల అర వైపు తిరిగినప్పుడు నాకు మాత్రమే వినబడేలా, హైదరాబాదీ హిందీలో, 1,300 ఇవ్వమన్నాడు. ఆమె మర్యాదా నిలిచింది, మా సొమ్మూ మిగిలింది. ఏ దుకాణంలోనైనా మర్యాదగా మాట్లాడే మనుషులు దొరుకుతారు గానీ, ఎదుటి మనిషి ఆ క్షణాన అత్తగారా, కొనుగోలుదారా, పైఊరి మనిషా అన్నది పసిగట్టగలిగేవారు తక్కువ.

అంతటి గ్రహింపు ఉన్న మనిషే మా స్నేహితురాలి విషయంలో పూర్తిగా తప్పాడు. ఆమెది గుంటూరు జిల్లా, దూదేకుల కుటుంబం. నూర్‌బాషీలనీ, పింజారీలనీ కూడా పిలిచే ఈ ముస్లింలలో చాలామందికి ఇంటి భాష తెలుగే. ఆమె బురఖాలో ఉండడం చూసి అతను “బాజీ” అంటూ గుక్క తిప్పుకోకుండా ఉర్దూలో రంగులూ రకాలూ చెప్పుకుపోయాడు. ఆమెకు సగమే అర్థమైంది; ఆకుపచ్చ మట్టి గాజులు కావాలని తెలుగులో అడిగింది. దానికి అతను నవ్వుతూ, “ముస్లింలై ఉండి ఉర్దూ రాదా?” అన్నాడు. దురుద్దేశం లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ తోటి ముస్లింల నుంచి ఉర్దూ ఎందుకు రాదనీ, మిగతావాళ్ల నుంచి తెలుగు ఇంత బాగా ఎలా వచ్చిందనీ జన్మంతా వింటున్న మనిషికి గాజుల దుకాణంలో కూడా సంజాయిషీ చెప్పుకోవలసి రావడం ఏమిటి? ఆమె ఆ తర్వాత మాట్లాడలేదు, మట్టి గాజులు నాలుగు దుకాణాల అవతల కొనుక్కుంది. అత్తగారి మౌనాన్ని అంత చక్కగా చదివిన మనిషికి ఈ మౌనం అసలు కనబడనే లేదు. వేషాన్ని చూసి భాషను ముందే తేల్చేసుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నాతోనూ అత్తగారితోనూ అతను మాట విన్న తర్వాతే యాస ఎంచుకున్నాడు.

అదే కౌంటర్‌లో పనిచేసే కుర్రవాడి పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. ఎవరొచ్చినా ముందుగా “సైజ్?” అని మాత్రమే అడుగుతాడు, జవాబు ఏ భాషలో వస్తే ఆ భాషలో సాగిపోతాడు. బిల్లు మీద వస్తువుల పేర్లు ఉర్దూలో ఉండడం చూసి అత్తగారు తటపటాయిస్తుంటే, అడగకుండానే ప్రతి వరుస పక్కనా తెలుగులో రాసి ఇచ్చాడు.

చీర రంగుకు సరిపోయే గాజులు చేయించుకోవాలంటే జాకెట్టు ముక్క వెంట తీసుకెళ్లాలి, సగం సొమ్ము ముందే కట్టాలి. రంజాన్ రాత్రుల్లో అక్కడ నిలబడడానికే చోటుండదు, కాబట్టి ఆ నెలలో పగటిపూట వెళ్లడం మేలు. సరుకుకు అయిదుకు నాలుగున్నర ఇస్తాను. మాటకు మూడు; ఆ కుర్రవాడు కౌంటర్‌లో ఉన్న పూటైతే నాలుగు.